కాళ్ళు కడిగిన గురువారం

నర్సీపట్నం వెళ్ళొచ్చానని చెబితే మా గుంటూరులో అందరూ అడిగింది ఒకటే, అక్కడ చూడ్డానికి ఏముందని. ఏమీ లేదని చెప్పెయ్యడం తేలిక. ఉన్నదేమిటో చెప్పాలంటే కాస్త కూర్చోవాలి. తీరిక దొరికింది కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నేను ఉద్యోగమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఆదివారాలు మా చర్చిలో సండే స్కూలు చెబుతాను. ఫిలిప్పీన్స్ నుంచి నలుగురు వాలంటీర్లు వస్తున్నారనీ, ఈస్టరు ముందు వారమంతా నర్సీపట్నం పక్కన కొండ పిల్లల హాస్టల్లో గడుపుతారనీ, వాళ్ళ ఇంగ్లీషుని పిల్లలకి తెలుగులో చెప్పే మనిషి కావాలనీ ఆ హాస్టల్ నడిపే పాస్టరుగారు ఫోన్ చేశారు. ఈ ఎండల్లో, ఈ వయసులో నీకెందుకని మా ఆయన గొణిగారు. ఆయన వద్దంటే నాకు పట్టుదల రెట్టింపవుతుందని ఇన్నేళ్ళయినా ఆయనకి తెలియలేదు.

నక్కపల్లిలో టీ

నర్సీపట్నం రోడ్ అని ఒక రైల్వే స్టేషన్ ఉంది గాని, ఆ పేరు నమ్ముకుని దిగితే ఊరు ఇంకా బోలెడు దూరం ఉంటుందని తోటి ప్రయాణికుడు ముందే హెచ్చరించాడు. అందుకని తునిలో దిగి, బస్సులో నక్కపల్లి వచ్చి, హైవే పక్కన ఒక టీకొట్టులో కూర్చున్నాను. విశాఖలో విమానం దిగిన వాలంటీర్లు వ్యానులో అక్కడికి రావాలి.

టీకొట్టు ఆవిడ నా సంచీని, నన్ను ఓసారి ఎగాదిగా చూసి ఉపమాక వెంకన్న దర్శనానికా అని అడిగింది. కాదు, హాస్టలు పిల్లల దగ్గరికని చెప్పాను. ఆ పిల్లలకి తల్లిదండ్రులు లేరా అంది. చాలామందికి ఉన్నారు, కొండ మీద ఉంటారు అన్నాను.

"ఉన్నోలుండగా మరి మీరెందుకమ్మా?" అంది, టీ గ్లాసు నా ముందు పెడుతూ.

వెటకారమేమీ లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. చదువు, ఆటలు, పాటలు అని ఏవో చెప్పాను. ఆవిడ తలాడించి పంచదార ఇంకో చెంచా వేసింది. మా గుంటూరులో అయితే తియ్యదనం ఎక్కువైందని గొడవ పెట్టుకునేదాన్ని. అక్కడ మాట్లాడకుండా తాగేశాను, ఎందుకంటే నా జవాబు నాకే చాల్లేదు.

వ్యాను వచ్చింది. ముగ్గురు కుర్రవాళ్ళు, వాళ్ళతో అరవై దాటిన ఒక పొట్టి ఆవిడ. ఆవిడ పేరు లూర్దెస్. వాళ్ళ దేశంలో ఒక చిన్న దీవిలో, సముద్రపు ఒడ్డు ఊళ్ళో, చంటిపిల్లల బళ్ళో పంతులమ్మగా చేసి నాలాగే రిటైరైందట. దిగుతూనే నా చెయ్యి పట్టుకుని, పిల్లలు ఏం తింటారని అడిగింది. నాకు ఆవిడ అప్పుడే నచ్చింది.

కోటవురట్ల దారి

హైవే వదిలాక ఇరుకు రోడ్డు. రెండు పక్కలా కొట్టేసిన చెరుకు మోళ్ళు, అక్కడక్కడా ఇంకా కొట్టని చెరుకు. ఎక్కడో బెల్లం వండుతున్నట్టున్నారు, వ్యానంతా ఆ వాసనే. కోటవురట్ల దాటాక జీడితోటలు మొదలయ్యాయి. లూర్దెస్ కిటికీలోంచి తల బయట పెట్టి, సముద్రం ఒక్కటే తక్కువ, మిగతాదంతా మా ఊరే అంది.

ఒక తోట దగ్గర డ్రైవరు బండి ఆపి నాలుగు జీడిపళ్ళు కోసుకొచ్చాడు. మా వైపు జీడిపప్పు కొట్లో పొట్లంలో దొరుకుతుంది తప్ప పండు మొహం చూసినవాళ్ళం కాదు. ఎర్రగా నిగనిగలాడుతోందని గట్టిగా కొరికాను. గొంతు పట్టేసింది, రసం చీర మీద కారింది. ఆ మరక ఉతికినా పోదని డ్రైవరు తీరిగ్గా చెప్పాడు. లూర్దెస్ నవ్వి, పండుని చిన్న ముక్కలు చేసి, కాస్త ఉప్పు అద్దుకుని తినాలని చూపించింది. వాళ్ళ దీవిలోనూ ఇవే చెట్లట. మన పండు తినడం మనకి పైదేశపు మనిషి నేర్పింది.

ఒంటిపూట బడి

ఎండలు కదా, పిల్లలకి ఒంటిపూట బళ్ళు. మధ్యాహ్నం అన్నాలయ్యాక సాయంత్రం దాకా మా కార్యక్రమం. పాటలు, బొమ్మలు, కాగితంతో పడవలు, కాసిని ఇంగ్లీషు మాటలు. వాలంటీర్లంటే మనకి ఒక ఊహ ఉంటుంది, వచ్చి ఫొటోలు దిగి వెళ్ళిపోతారని. కుర్రవాళ్ళు దిగారు కూడా. లూర్దెస్ మాత్రం మొదటి రోజే వంటింట్లో చేరి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది.

వాళ్ళ దేశంలో అవునని చెప్పడానికి కనుబొమలు పైకి ఎగరేస్తారు. మాట అక్కర్లేదు. పిల్లలు ఏదో అడుగుతారు, ఆవిడ కనుబొమలు ఎగరేస్తుంది, పిల్లలు ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. ఇటు మన పిల్లలు సరేనని తల అటూ ఇటూ ఊపితే ఆవిడ వద్దంటున్నారనుకుని తెచ్చిన మిఠాయి వెనక్కి తీసుకుంది. రెండో రోజుకి అందరూ అందరివీ నేర్చేసుకున్నారు. హాస్టలంతా కనుబొమలు ఎగరేసేవాళ్ళే.

తిండి దగ్గర నేనే పరాయిదాన్నయ్యాను. అక్కడ పులుసులో బెల్లం పడాల్సిందే, పనసకాయ కూరలో ఆవ పెట్టాల్సిందే. కారం ఏదమ్మా అంటే వార్డెన్ సత్యవతి నా వైపు జాలిగా చూసేది. మంగళవారం ఎండు నెత్తళ్ళు వేయించారు. ఆ వాసనకి కుర్రవాళ్ళకన్నా ముందు లూర్దెస్ పళ్ళెం పట్టుకుని వచ్చేసింది. వేడి అన్నం, వేయించిన ఎండు చేప, పక్కన టమాటా. వాళ్ళింట్లో పొద్దుటి పలహారం అదేనట. దొరసాని ఎండు చేప తింటోందని పిల్లలు చుట్టూ మూగి చూశారు. దొరసాని కాదర్రా, మన రంగే కదా అంటే, విమానమెక్కి వచ్చినవాళ్ళందరూ దొరసానులేనని ఒక గడుగ్గాయి తేల్చేశాడు.

ఆ పిల్లల్లో సుమిత్ర అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఉంది. సన్నగా, పొడుగ్గా, అందరికన్నా వెనక కూర్చునేది. బొమ్మ వెయ్యమంటే వేస్తుంది, మాట్లాడమంటే తల దించుకుంటుంది. తల్లి లేదు, అమ్మమ్మ పెంచుతోందని సత్యవతి చెప్పింది. లూర్దెస్ ఆ అమ్మాయిని మొదటి రోజే కనిపెట్టింది. అలాంటి పిల్లల దగ్గర ఏమీ అడక్కుండా పక్కన కూర్చోవాలని నాతో అని, రోజూ వెళ్ళి పక్కన కూర్చునేది. బుధవారం బలిఘట్టం వైపు ఏటి ఒడ్డుకి అందరం నడిచివెళ్ళినప్పుడు వాళ్ళిద్దరూ ఒక్క మాటయినా లేకుండా చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచారు. వాళ్ళిద్దరికీ నా అవసరం లేకపోవడం చూసి నాకు కాస్త అసూయ కూడా కలిగింది.

గురువారం

మంచి శుక్రవారానికి ముందు రోజు, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన రోజు. మా గుంటూరు చర్చిలో ఏటా పాస్టరుగారు సంఘ పెద్దల కాళ్ళు కడుగుతారు. లూర్దెస్ వాళ్ళ చర్చిలో పెద్దలే పిల్లల కాళ్ళు కడుగుతారట. ఇక్కడా అలాగే చేద్దామంది. హాస్టలు పాస్టరుగారికి ఆ ఆలోచన చాలా నచ్చింది. నాకూ నచ్చింది.

బెంచీల మీద పిల్లలు వరసగా కూర్చున్నారు. స్టీలు బేసిను, చెంబు, కొత్త తువ్వాళ్ళు. లూర్దెస్ చీర కట్టుకుంది, సత్యవతిదే. కింద మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కరి పాదాలూ కడగడం మొదలుపెట్టింది. మొదటి పిల్లవాడు చక్కిలిగింతలని కాళ్ళు పైకి లాక్కున్నాడు. ఇంకొకడు కడగడం అవ్వగానే దిగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోయాడు. ఆవిడ భుజాలు పట్టుకుని లేపి, వద్దని తలూపింది. అంతా ముచ్చటగానే ఉంది.

చివర సుమిత్ర. కాళ్ళు రెండూ బెంచీ కిందికి ముడుచుకుని, నా వైపు చూసి, "నాకొద్దు టీచర్," అంది.

సిగ్గుపడుతోందని లూర్దెస్ కి చెప్పాను. సిగ్గుపడేవాళ్ళకే ఇది ముఖ్యమంది లూర్దెస్. ఆ పాదాలు మెల్లగా ముందుకి తీసుకుని, అందరికన్నా ఎక్కువసేపు కడిగి, తుడిచి, వాటిని రెండు చేతుల్లో పట్టుకుని తల వంచి ప్రార్థన చేసింది. సుమిత్ర కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. మాకందరికీ గుండె నిండిపోయింది. ఆ కన్నీళ్ళని మేమంతా మాకు నచ్చినట్టు అర్థం చేసుకున్నాం.

శుక్రవారం సుమిత్రకి జ్వరం వచ్చింది. అన్నం ముట్టలేదు. ఏమైందని ఎంత అడిగినా గోడ వైపు తిరిగి పడుకుంది. చివరికి సత్యవతితో చెప్పిందట, పెద్దావిడ తన కాళ్ళు పట్టుకుంది కాబట్టి తన ఆయుష్షు తరిగిపోయిందని.

ఈ నమ్మకం నాకు తెలియనిదా? పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు తాకితే చిన్నవాళ్ళకి ఆయుఃక్షీణమని మా నాయనమ్మ కూడా అనేది. చర్చిలో ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళ కాళ్ళు కడగడం చూసీ చూసీ ఆ సంగతి తట్టనే లేదు. లూర్దెస్ కి చెబితే తెల్లబోయి, నిన్న ఆ పిల్ల వద్దన్నప్పుడు ఏమంది, సరిగ్గా ఏ మాటంది అని అడిగింది. వద్దంది అని చెప్పాను. ఆ రోజు శిష్యుల్లో కూడా ఒకడు ముందు వద్దనే అన్నాడు కదా, వాడికైతే ప్రభువు ఎందుకో విడమరిచి చెప్పారు, ఈ పిల్లకి మనం చెప్పలేదు అంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బావుండేది.

శనివారం

ఫోన్ అందుకుని సుమిత్ర అమ్మమ్మ పొద్దున్నే జీపెక్కి కొండ దిగి వచ్చింది. ఎండిన మనిషి. ముక్కుకి రెండు వైపులా పుడకలు, భుజాన ఒక మూట. మనవరాలి నుదురు ముట్టుకుని చూసి, మంచం కింద నుంచి దాని రేకుపెట్టె బయటికి లాగింది. సర్దడం మొదలుపెట్టింది.

సత్యవతి నన్ను పక్కకి పిలిచి, ఆపండి అంది. వార్షిక పరీక్షలు దగ్గర పడ్డాయి. పోయినేడు ఇలాగే జ్వరమని ఒక అమ్మాయి పెట్టె సర్దుకుని కొండెక్కింది, ఇక దిగలేదట. సుమిత్ర కూడా ఇప్పుడు వెళితే చదువు అక్కడితో సరి.

పాస్టరుగారు చెప్పి చూశారు. ఆయుష్షు దేవుడి చేతిలో ఉంటుంది, మనుషులు ముట్టుకుంటే తరగదు అన్నారు. అమ్మమ్మ ఆయన చెప్పిందంతా మర్యాదగా విన్నది. విన్నాక నా వైపు తిరిగింది.

"మాకెవులి మీదా కోపం నేదు, పంతులమ్మా. దీని తల్లి జొరంతోనే పోనాది. దీని అప్ప జొరంతోనే పోనాది. ఇదొక్కర్తే మిగిలినాది. పెద్ద మనిసి దీని కాళ్ళట్టుకుని తలొంచితే, మరి దీనికి జొరమే వొచ్చినాది కదా. నానేటనుకోవాల?"

ఇదంతా వట్టి భ్రమ అని అంతసేపూ లోపల్లోపల అనుకుంటున్నదాన్ని, ఆ మాట విన్నాక అనుకోలేకపోయాను. తల్లినీ అక్కనీ ఒకే రకంగా పోగొట్టుకున్న ఇంట్లో జ్వరం అంటే ఏమిటో గుంటూరు నుంచి వచ్చిన నాకేం తెలుసు.

దీనికి విరుగుడు ఏమీ లేదా అని అడిగాను. ఉందంది. తీసిన మనిషే తిరిగి ఇవ్వాలి. లూర్దెస్ కుర్చీలో కూర్చుంటే సుమిత్ర ఆవిడ కాళ్ళ మీద పడి దండం పెట్టాలి, నూరేళ్ళు బతకమని ఆవిడ తన నోటితో అనాలి. అప్పుడు పెట్టె విప్పేస్తానంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతేనా అనుకుని లూర్దెస్ కి చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. తన వల్ల కాదంది. మనుషుల కాళ్ళ మీద మనుషులు పడకూడదనే తాను మోకాళ్ళ మీద కూర్చున్నానంది. పాస్టరుగారూ తల అడ్డంగా ఊపారు. ఎవరి కాళ్ళకీ మొక్కొద్దని ఆ పిల్లలకి తానే ఇన్నేళ్ళుగా చెబుతున్నారాయన, ఇప్పుడు తన కళ్ళ ముందే ఎలా చేయిస్తారు?

నాకు అందరి మీదా ఒళ్ళు మండింది. ఒక్క నిమిషం కుర్చీలో కూర్చుంటే లూర్దెస్ సొమ్మేం పోయింది? ఆ అమ్మమ్మకి మాత్రం, ఆయుష్షు కాళ్ళ దగ్గర కాక ఇంకెక్కడా ఉండదా? ఎవరి మాట వాళ్ళది, మధ్యలో ఆ పిల్ల జ్వరంతో మంచం అంచున కూర్చుని అందరి మొహాలూ చూస్తోంది. ఆవిడ మాట ఈవిడకీ ఈవిడ మాట ఆవిడకీ చేరవేసి చేరవేసి నాకు నోరెండిపోయింది. అమ్మమ్మ పెట్టె మూత వేసేసింది.

లూర్దెస్ లేచి అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ వయసెంతో కనుక్కోమంది. అమ్మమ్మకి తెలియదు. తమ ఊరికి రోడ్డు పడేనాటికే తన కూతురికి పెళ్ళయిందని మాత్రం చెప్పింది. అయితే నాకన్నా పెద్దే అని లూర్దెస్ తనంతట తనే తేల్చుకుంది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు కనిపిస్తే మేం కాళ్ళకి దండం పెట్టం, ఇలా చేస్తాం, దీన్ని నేను కాదనలేను అంటూ అమ్మమ్మ కుడిచెయ్యి తీసుకుని, తల వంచి, ఆ చేతి వెనక భాగాన్ని తన నుదుటికి ఆనించుకుంది.

అమ్మమ్మ ఉలిక్కిపడింది. కాని నుదురు చేతికి తగిలాక ఆ చెయ్యి ఊరుకోలేదు. అలవాటు కొద్దీ లూర్దెస్ తల మీదకి వెళ్ళింది. "సల్లగుండు," అంది. అనేశాక, ఎవరికి దీవెన ఇచ్చానా అన్నట్టు మా వైపు చూసింది.

లూర్దెస్ అప్పుడు సుమిత్ర వైపు చెయ్యి చాపింది. సుమిత్ర ముందు అమ్మమ్మ మొహంలోకి చూసింది. అమ్మమ్మ వద్దనలేదు. ఆ పిల్ల వచ్చి, ఆ చేతిని తన కాలే నుదుటికి ఆనించుకుంది. లూర్దెస్ కళ్ళు మూసుకుని, ఇంగ్లీషులో కాదు, తన సొంత భాషలో ఏదో చాలాసేపు చెప్పింది.

"ఏటన్నాది?" అంది అమ్మమ్మ. నూరేళ్ళ మాట అందో లేదో ఆవిడకి తెలియాలి.

ఆ భాష నాకూ రాదు. లూర్దెస్ నే అడిగాను. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. ఈ బిడ్డ నుంచి నేను ఒక్క ఏడాది తీసుకున్నా, నాకు మిగిలిన ఏళ్ళన్నీ ఈ బిడ్డకి ఇచ్చెయ్యమని దేవుణ్ణి అడిగానంది.

అమ్మమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ వెంటనే రెండు చేతులూ అడ్డంగా ఊపింది. నేనంతవరకూ చూడని కంగారు ఆ మొహంలో.

"అలగొద్దని సెప్పండి. ఆవిడ ఆయువు ఆవిడికే ఉండాల. ఆవిడికీ ఇంటికాడ పిల్లలుంటారు, దారి సూస్తా ఉంటారు. అలగ అడక్కూడదని సెప్పండమ్మా బేగి."

నేను లూర్దెస్ వైపు తిరిగాను. ఇన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పి బతికినదాన్ని, ఒక్క మాట రాక ఏడుస్తూ నిలబడ్డాను. అందరూ నా వైపే చూస్తున్నారు.

సుమిత్ర లూర్దెస్ చెయ్యి ఇంకా వదల్లేదు. ఆ చేతిని చూస్తూ, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ ఇంగ్లీషులో అంది.

"గ్రాండ్‌మదర్ సేయింగ్ నో, మేడమ్. యువర్ ఇయర్స్ యువర్స్ ఓన్లీ. యువర్ హౌస్ చిల్డ్రన్ వెయిటింగ్."

లూర్దెస్ కనుబొమలు పైకి ఎగరేసింది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

అమ్మమ్మ మనవరాలి వైపు వింతగా చూసింది. కాసేపటికి నన్ను మెల్లగా అడిగింది.

"ఈ గుంటే సెప్పినాదా ఆవిడికి? నానన్న మాటే?"

"మీరన్న మాటేనమ్మా. ఉన్నదున్నట్టు."

"ఆవిడికి తెలిసినాదా?"

తెలిసిందన్నాను. అమ్మమ్మ సుమిత్ర నుదురు మళ్ళీ ముట్టుకుని చూసింది. వంగి, రేకుపెట్టెని మంచం కిందికి తోసింది.

"తొంగో," అంది మనవరాలితో. "సోమారం బడుంటాది."